ప్రశ్నలు మాతో కూర్చుని రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఆ మధ్య మా ఊరికి ఇద్దరు కుర్రాళ్లు ట్యాబ్‌లు పట్టుకుని వచ్చారు. మానసిక ఆరోగ్యం మీద సర్వే అన్నారు. మా పక్కింటి పెద్దమ్మను "గత రెండు వారాల్లో మీకు నిస్పృహగా అనిపించిందా?" అని అడిగారు. ఆమె నా వైపు చూసి, "నిస్పృహంటే ఏటి మాస్టారూ?" అంది. బెంగ అన్నాను. "అదా! మా ఆయనకి డయాలసిస్ మొదలెట్టిన కాడి నుంచీ ఉన్నాది. ముద్ద దిగట్నేదు" అంది. కుర్రాడు 'అవును' నొక్కి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయాడు. ముద్ద దిగని సంగతి రాసుకోవడానికి అందులో గడి లేదు మరి.

మా ఉద్దానం ప్రాంతానికి సర్వేలు కొత్త కాదు. ఇక్కడ ఇంతమందికి కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో తేల్చడానికి ఎందరో వచ్చి రక్తం, నీళ్లు, మట్టి పట్టుకెళ్లారు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. కష్టమైన పనే, వాళ్లను తప్పుపట్టను. కానీ మా ఇంట్లోనే రెండుసార్లు రక్తం తీశారు, ఏం తేలిందో చెప్పే కాగితం ముక్క ఒక్కటీ రాలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి, సంతోషం. రోగిని కనిపెట్టుకుని ఉండేవాళ్ల మనసు సంగతి మాత్రం మా వైపు అడిగినవాళ్లు తక్కువ.

తమ్ముడికి తోడు వెళ్లినప్పుడల్లా నేను డయాలసిస్ కేంద్రం వరండాలో నాలుగేసి గంటలు కూర్చునేవాణ్ణి. అక్కడి ఆడవాళ్లు క్యారియర్లు విప్పి కూరలు పంచుకుంటారు. చెన్నై వెళ్లిన కొడుకు ఫోన్ చేశాడా, అప్పు తీరిందా, అన్నీ అక్కడే. ఒకరోజు ఒకావిడ రాలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆవిడ కూర్చునే గోడ పక్క చోటు మాత్రం ఆ పూటంతా ఖాళీగా వదిలేశారు.

ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరిని ఒంటరితనం వేధిస్తోందని 2025 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఒంటరితనానికి మందు వెతికేవాళ్లు ముందు ఆ వరండాలో కూర్చోవాలి.

జింబాబ్వేలో డాక్టర్ డిక్సన్ చిబాండా 2006లో ఆ పనే చేశారు. ఊళ్లోని అవ్వలకే తర్ఫీదిచ్చి, ఆరోగ్య కేంద్రం బయట బల్లల మీద కూర్చోబెట్టి, బాధలో ఉన్నవాళ్లతో మాట్లాడించారు. డిప్రెషన్ అనే మాట పక్కనపెట్టి, అక్కడి షోనా భాషలో జనం అనుకునే 'కుఫుంగిసిసా' అనే మాటే వాడారు. అతిగా ఆలోచించడం అని దానర్థం. అది పనిచేస్తోందని 2016లో శాస్త్రీయంగానూ తేలింది. మనకి బెంగ ఉంది, గుబులు ఉంది. వాటిని ప్రశ్నపత్రంలోకి రానివ్వడానికి ఏం అడ్డం?

ఎచ్చెర్లలో విశ్వవిద్యాలయం ఉంది, శ్రీకాకుళంలో వైద్య కళాశాల ఉంది. వాళ్లకు నా మనవి ఒకటే. ప్రశ్నలు రాసేటప్పుడే మా ఆశా కార్యకర్తలనీ, ఆ వరండా ఆడవాళ్లనీ పక్కన కూర్చోబెట్టుకోండి. తేలిన సంగతి గ్రామసభలో తెలుగులో చెప్పండి, ఏమీ తేలకపోతే ఆ మాటే చెప్పండి. జీడిపిక్కల రోజుల్లో పగలు ఇళ్ల దగ్గర ఎవరూ దొరకరు, చీకటి పడ్డాక రండి.

ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా