సొంత మొక్కల సోయా పాలు

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. నాలుగు కుండీల్లో సోయా గింజలు వేస్తే ఇంటికి సరిపడా పాలు వస్తాయా అని అడిగావు. నీ ఉత్సాహం చూసి సంతోషించాను కానీ, విత్తనం వేసేముందే ఒక లెక్క నీకు చెప్పి తీరాలి. బాగా ఎదిగిన మొక్క సుమారు 40 కాయలు కాస్తుంది, ఒక్కో కాయలో రెండు మూడు గింజలుంటాయి. అవన్నీ ఎండాక తూచితే 10 నుంచి 15 గ్రాములు తూగుతాయి. లీటరు పాలు తీయడానికి దాదాపు 100 గ్రాముల గింజలు కావాలి. అంటే ఎనిమిది, పది మొక్కల పంట ఒక్క లీటరుకే సరిపోతుంది. అందువల్ల కుండీల ఆలోచన మానుకొని, వంద మొక్కలు పట్టేంత మడి ఒకటి సిద్ధం చేసుకో.

విత్తనాలను మాత్రం నానబెట్టవద్దు. సోయా గింజ పొట్టు చాలా పలుచన కావడంతో, నీటిని ఒక్కసారిగా పీల్చుకుంటే లోపలి పప్పు చిట్లి మొలక దెబ్బతింటుంది. తొలిసారి నేను రాత్రంతా నానబెట్టి వేసిన గింజల్లో సగం మట్టిలోనే కుళ్లిపోయాయి. ఆ ఖాళీ సాళ్లను చూసినప్పుడు కలిగిన బాధ ఇప్పటికీ మరువలేను. నేల వెచ్చబడ్డాక, కిందటి పంటలో వచ్చిన కొత్త గింజలను మూడు సెంటీమీటర్ల లోతున వేస్తే చాలు. సోయా పూత పగటి నిడివిని బట్టి వస్తుంది కనుక నీ ప్రాంతానికి తగిన రకాన్నే ఎంచుకో.

ఆ నేలలో ఇదివరకు సోయా వేసి ఉండకపోతే, సోయాకు ప్రత్యేకించిన రైజోబియం (వేళ్లలో చేరి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే సూక్ష్మజీవి) కల్చర్‌ను విత్తనాలకు పట్టించు. ఇతర చిక్కుళ్ల కోసం చేసినది దీనికి పనిచేయదు. నెలన్నర తరువాత ఒక మొక్కను వేళ్లతో సహా తవ్వి చూడు. వేళ్లకు అంటుకున్న చిన్న బుడిపెను గోటితో చిదిమితే లోపల లేత ఎరుపు కనిపించాలి. ఆ రంగు కనిపించిందంటే మొక్క గాలిలోని నత్రజనిని వాడుకుంటున్నట్టే. ఇక యూరియా వేయవద్దు, వేస్తే బుడిపెలు తగ్గి ఆకు మాత్రం గుబురుగా పెరుగుతుంది. పూత, గింజ పాలుపోసుకునే దశల్లో నీరు తప్పనిసరి. ఆకులు పండి రాలిపోయి, కాయను ఊపితే గలగలమన్నప్పుడు వెంటనే కోసెయ్యి, ఆలస్యమైతే కాయలు పగిలి గింజలు నేలపాలవుతాయి.

ఇక పాల సంగతి. గింజలను ఎనిమిది నుంచి పన్నెండు గంటలు నానబెట్టి, అరచేతుల మధ్య రుద్ది పొట్టు తీసెయ్యి. చన్నీళ్లతో రుబ్బితే గింజలోని ఒక ఎంజైము నూనెతో కలిసి పచ్చి వాసన పుట్టిస్తుంది. మరిగిన నీటితో రుబ్బితే ఆ వేడికి ఎంజైము చచ్చి వాసన చాలావరకు తగ్గుతుంది. పలుచని గుడ్డలో వడకట్టి పొయ్యి మీద పెట్టాక గిన్నె దగ్గర నుంచి కదలవద్దు. పాలు నిజంగా మరగక ముందే నురుగు గిన్నె అంచు దాకా పొంగుతుంది. దాన్ని చూసి కాగిపోయాయనుకొని దించేస్తారు చాలామంది. అక్కడ మంట తగ్గించి, కలుపుతూ మరో 20 నిమిషాలు మరగనివ్వాలి. పచ్చి సోయాలో మాంసకృత్తుల జీర్ణాన్ని అడ్డుకునే పదార్థం ఉంటుంది, అది తగ్గేది ఈ మరుగులోనే. ఈ ఒక్క విషయంలో తొందరపడవద్దని నిన్ను మరీ మరీ కోరుతున్నాను.

చల్లారిన పాలను ఫ్రిజ్‌లో ఉంచి మూడు రోజుల్లో వాడెయ్యి. ఆవు పాలలో ఉన్నంత కాల్షియం వీటిలో ఉండదు, పిల్లలకు ఇచ్చేటప్పుడు అది గుర్తుంచుకో. గుడ్డలో మిగిలిన పిప్పిలో పీచు, మాంసకృత్తులు బాగానే ఉంటాయి. బాగా ఉడికించి పిండిలో కలుపుకోవచ్చు.

అన్నట్టు, పంటంతా పాలకే వాడెయ్యకు. సోయా పువ్వు తనలో తానే పరాగసంపర్కం జరుపుకుంటుంది కనుక, బలమైన మొక్కల గింజలు దాచితే మరుసటి ఏడు అదే రకం వస్తుంది. మడి సిద్ధం కాగానే దాని పొడవు, వెడల్పు రాసి పంపు, సాళ్ల లెక్క నేను వేసి పంపుతాను.

ప్రేమతో,
నీ స్నేహితుడు