అరకు యాత్ర విజయనగరంలో మొదలు కావాలి

సంపాదకులకు నమస్కారం.

చలికాలం వచ్చిందంటే అరకులోయకు జనం వెల్లువెత్తడం, ఘాట్ రోడ్డులో వాహనాలు బారులు తీరి నిలిచిపోవడం ఏటా చూస్తున్నదే. రోడ్డు ఇరుకని, గదులు చాలవని కారణాలు చెబుతుంటారు. అవి అబద్ధాలు కావు గానీ, అసలు లోపం ప్రయాణాన్ని తీర్చిదిద్దే తీరులోనే ఉందని నా అభిప్రాయం. విశాఖపట్నంలో దిగడం, తెల్లవారకముందే బయలుదేరి బొర్రా గుహలు, అరకు చుట్టేసి చీకటి పడ్డాక ఘాట్ దిగడం, మిగిలిన ఒక పూట ఆర్కే బీచ్‌లోనో రుషికొండలోనో గడపడం: ట్రావెల్స్ వారైనా, సొంత కారులో వచ్చేవారైనా దాదాపు ఈ పద్ధతికే అలవాటుపడ్డారు. పాత రాజధాని, కొండలు, సముద్రం మూడూ ఒకే యాత్రలో చూడాలనుకునే వారికి ఇంత దగ్గర దగ్గరగా అవి దొరికే ప్రాంతాలు మన రాష్ట్రంలో మరి లేవనే చెప్పాలి. అయితే ఆ యాత్ర విశాఖలో కాక విజయనగరంలో మొదలు కావాలి. పర్యాటక శాఖ, ఆర్టీసీ అధికారుల దృష్టికి ఈ మాట తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

పైడితల్లమ్మ జాతరలో సిరిమానోత్సవం జరిగే మంగళవారం తప్పిస్తే విజయనగరం పర్యాటకులకు గుర్తు రాదు. పూజా సెలవుల్లో అరకు కోసం వచ్చే బెంగాలీ కుటుంబాల్నే చూడండి. హౌరా నుంచి వచ్చే రైలు ముందు విజయనగరం దాటి, ఆ తరువాతే విశాఖ చేరుతుంది. వారు మాత్రం మా ఊరి స్టేషన్‌ను కిటికీలోంచి చూసి ముందుకు వెళ్లిపోతారు. ఇక్కడ దిగితే వారికి 1713లో పునాది పడిన, విజయనగరాన్ని ఏలిన పూసపాటి రాజుల కోట ఉంది. విజయ నామ సంవత్సరంలో, విజయదశమి నాడు, జయవారమైన మంగళవారం, విజయరామరాజు దానికి శంకుస్థాపన చేశాడని ఊళ్లో పెద్దలు నేటికీ చెబుతారు. 1885 నాటి గంటస్తంభం నుంచి నడిచి చూడదగినంత దూరంలోనే గురజాడ అప్పారావు నివసించిన ఇల్లు ఉంది. 1919లో నెలకొల్పిన సంగీత కళాశాల ఉంది. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడిగా పనిచేసిన, ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ నేర్పిన, ఘంటసాల విద్యార్థిగా తిరిగిన ఆ ప్రాంగణాన్ని చూడడానికి సంగీతాభిమానులు ప్రత్యేకంగా రావలసింది పోయి, ఆ కళాశాల ఈ ఊళ్లోనే ఉందని చెబితే ఆశ్చర్యపోతున్నారు. ఊరికి పన్నెండు కిలోమీటర్ల దూరంలోని రామతీర్థంలో రాముడి గుడికి వెళ్లే భక్తుల్లో కూడా పక్కనే ఉన్న గురుభక్తులకొండ మీద బౌద్ధ శిథిలాలు ఉన్నాయని తెలిసినవారు తక్కువ. వీటన్నింటికీ ఒక పగలు, ఒక రాత్రి కేటాయిస్తే చాలు.

కోట లోపల కళాశాలలు నడుస్తున్నందున పర్యాటకులు ఎప్పుడు వెళ్లవచ్చో, ఎంతవరకు వెళ్లవచ్చో తెలియక గేటు దగ్గరే ఫొటో తీసుకుని తిరిగి వెళ్తుంటారు. తరగతులకు ఇబ్బంది లేని వేళలు నిర్ణయించి, ఆ వివరం రైల్వే స్టేషన్‌లోనూ ఆర్టీసీ కాంప్లెక్స్‌లోనూ బోర్డు మీద రాయిస్తే పెద్దగా ఖర్చు కాదు.

రెండో మజిలీ కొండలు. విజయనగరం నుంచి శృంగవరపుకోట ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరం. అక్కడి నుంచి ఘాట్ మీదుగా రోడ్డున వెళ్లవచ్చు, లేదా ఉదయం విశాఖ నుంచి వచ్చే కిరండూల్ రైలు అదే స్టేషన్‌లో ఎక్కవచ్చు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలాడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపడం కోసం 1960లలో వేసిన లైను అది. అందులో 58 సొరంగాలు ఉన్నాయి, అరకుకు ముందు వచ్చే శిమిలిగూడ స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. 2017లో అద్దాల పెట్టె వచ్చినప్పటి నుంచి అందరూ దాని టికెట్టు కోసమే ఎగబడుతున్నారు గానీ, మామూలు పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికినా లోయ అంతే బాగా కనబడుతుంది, పైగా గాలి తగులుతుంది. ఇంట్లో పెద్దవారు ఉంటే బొర్రా గుహల్లో మెట్లు చాలా ఎక్కి దిగవలసి ఉంటుందని ముందే తెలుసుకుని ఆ పూట వేరే ఏదీ పెట్టుకోకపోవడం మంచిది.

కొండ మీద కనీసం రెండు రాత్రులు ఉండాలని, అవి శని ఆదివారాలు కాకూడదని నేను అడిగినవారికల్లా చెబుతుంటాను. విశాఖ జనం వారాంతంలో పైకి వస్తారు కనుక సోమవారం నుంచి గురువారం లోపు అరకు వేరుగా ఉంటుంది. డిసెంబరు, జనవరిలో రాత్రంతా మంచు కమ్ముకుని ఉదయం పొద్దెక్కేదాకా వీడదు. ఆ మంచు చూడడానికే వచ్చి, అదే మంచులో రాత్రిపూట ఘాట్ దిగే తొందర ఎందుకో అర్థం కాదు. నిదానంగా ఉన్నవారికి సుంకరమెట్ట కాఫీ తోటలు, గిరిజన మ్యూజియం, వారపు సంత చూసే వీలుంటుంది. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానిని పండించేది చిన్న చిన్న కమతాలున్న గిరిజన రైతులని గుర్తుంచుకుని గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో కొనడం సముచితం. అడగకుండా ఊళ్లలోకి దూరి ఆడవాళ్ల ఫొటోలు తీసే అలవాటును మాత్రం గైడ్లయినా మాన్పించాలి.

ఇక సముద్రం దగ్గరకు రావడానికి గోస్తని నదినే దారిగా పెట్టుకోమంటాను. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా సాగి, తాటిపూడి జలాశయంలో నిలిచి, పద్మనాభం పక్కగా వచ్చి భీమిలి దగ్గర బంగాళాఖాతంలో కలిసే ఈ నదిని పర్యాటకులు గుహల దగ్గర ఒకసారి, సముద్రం దగ్గర ఒకసారి చూస్తారు గానీ రెండూ ఒకటేనని ఎవరూ చెప్పరు. విశాఖ నగరం తాగే నీటిలో కొంత ఆ తాటిపూడిదే. కొండ దిగి శృంగవరపుకోట, విజయనగరం మీదుగా పద్మనాభం చేరితే చరిత్ర మళ్లీ ఎదురవుతుంది. ఈస్టిండియా కంపెనీ అడిగిన పేష్కషు (కప్పం) కట్టలేక, రాజ్యం విడిచి మచిలీపట్నం పొమ్మన్న ఆజ్ఞను కాదని, విజయనగరం రాజు చిన విజయరామరాజు 1794 జూలై 10న కంపెనీ సేనతో తలపడి ప్రాణం విడిచింది ఇక్కడే. ఆయన కొడుకు నారాయణ బాబును తరువాత మన్యం జమీందార్లు ఆదుకున్నారు. మొదటి రోజు చూసిన కోటకూ, మధ్యలో చూసిన కొండలకూ సంబంధం తెలియాలంటే ఇక్కడ ఒక గంటైనా ఆగాలి. అనంత పద్మనాభుని గుడికి మెట్లెక్కలేనివారు కింద ఆగినా నష్టం లేదు.

భీమిలిలో ఒక రాత్రి ఉంటే యాత్ర పూర్తవుతుంది. 17వ శతాబ్దంలో డచ్చి వారు వ్యాపార స్థావరం పెట్టుకున్న ఊరది. 1825లో ఆంగ్లేయుల చేతికి వెళ్లింది, 1861లోనే పురపాలక సంఘం ఏర్పడింది. డచ్చి సమాధులు, పావురాళ్లకొండ, విశాఖ వైపు వెళ్తే ఎర్రమట్టి దిబ్బలు, తొట్లకొండ బౌద్ధ స్థలం ఒకే పూటలో చూడవచ్చు. స్నానానికి మాత్రం దిగవద్దని గట్టిగా చెప్పాలి. ఈ తీరంలో అల వెనక్కి తీసేటప్పుడు లోపలికి లాగేస్తుంది. హెచ్చరిక బోర్డులు చాలినన్ని లేవు.

ఈ దారి మూడు జిల్లాల్లో, విజయనగరం, అల్లూరి సీతారామరాజు, విశాఖపట్నం జిల్లాల్లో ఉండడం వల్ల ఏ ఒక్కరూ మొత్తం యాత్రను తమదిగా తీసుకోవడం లేదు. విజయనగరంలో మంచి గదులు చాలవని కొందరు అభ్యంతరం చెప్పవచ్చు. ఆగేవారు లేనందునే అవి పెరగలేదన్నది నా సమాధానం. విజయనగరానికీ భీమిలికీ రెండింటికీ దగ్గరైన భోగాపురంలో విమానాశ్రయం రావడంతో, విశాఖ నుంచే బయలుదేరాలన్న పాత లెక్క ఎటూ మారక తప్పదు. ఆ మార్పు ట్రావెల్స్ వారి చేతుల్లోకి పోకముందే పర్యాటక శాఖ విజయనగరం, అరకు, భీమిలి కలిపి నాలుగు రాత్రుల ప్యాకేజీ ఒకటి ప్రకటించాలి; ఆర్టీసీ వారు విజయనగరం కాంప్లెక్స్ నుంచి అరకుకు ఉదయం ఒక బస్సు, మధ్యాహ్నం తిరుగు బస్సు పర్యాటకుల కోసమే వేసి, తిరుగు బస్సును పద్మనాభం మీదుగా భీమిలి వరకు పొడిగించాలి. ఈ సీజనులోనే, వారం మధ్యలో మూడు రోజులకైనా, ప్రయోగంగా మొదలుపెట్టి చూడవలసిందిగా అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
విజయనగరం.