మెకాయ్ ఒక్కడి మీదే ఎందుకండీ?

ఎడిటర్ గారికి,

మీ ఆదివారం అనుబంధంలో ముసుగు వీరుడు ఫాంటమ్ కామిక్స్ బొమ్మల మీద పాఠకుల ఉత్తరాలు కొన్ని వారాలుగా చదువుతున్నాను. మనకి ఆ కథల్ని పుస్తకాలుగా అందించిన ఇంద్రజాల్ కామిక్స్ ఆగిపోయి ఇన్నేళ్ళయినా ఇంతమంది ఇంకా పట్టించుకుంటున్నారంటే సంతోషమే. కానీ చర్చ "ఎవరి బొమ్మ బాగుంటుంది" దగ్గర్నుంచి జారి "అందరికంటే వీక్ ఎవరు" దగ్గరికి వచ్చింది. వచ్చాక ఒక ఉత్తరం తర్వాత ఒకటి పాత ఫాంటమ్ చిత్రకారుడు విల్సన్ మెకాయ్‌నే పట్టుకుని ఉతికేస్తోంది. ఆయన 1961లోనే పోయారు, జవాబు చెప్పుకోలేరు. అందుకని ఆయన తరఫున నాలుగు ముక్కలు.

ముందు ఆయన మీద పెట్టిన నేరాలు చూద్దాం. ముఖాలు కొండపల్లి బొమ్మల్లా ఉంటాయట. అడవి అంటే నాలుగు చెట్లు, రెండు తీగలట. అదంతా నిజమే, కాదనను. మెకాయ్ గీసిన గూండాలందరినీ ఒకే అమ్మ కన్నట్టుంటుంది. రే మూర్ బొమ్మలు చూసిన కంటితో వెంటనే ఇవి చూస్తే దిగులేస్తుంది కూడా. 1936 ఫిబ్రవరి 17న పత్రికల్లో రోజూ కొన్ని గడులుగా వచ్చే ఈ బొమ్మల కథ, అదే స్ట్రిప్, మొదలైనప్పుడు కథ లీ ఫాక్‌ది, బొమ్మ మూర్‌ది. మూర్ అంతకుముందు మాంత్రికుడు మాండ్రేక్ స్ట్రిప్ గీసే ఫిల్ డేవిస్ దగ్గర సహాయకుడిగా చేసిన మనిషి. మూర్ గీసిన రాత్రి ఎలా ఉంటుందంటే, ఫాంటమ్ ఒంట్లో సగం చీకట్లో కలిసిపోయి, ముసుగు అంచూ భుజం గీతా మాత్రమే పైకి తేలతాయి. ఫాంటమ్ ప్రియురాలు డయానా గౌను మడతలు మెరుస్తుంటాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన సైన్యంలోకి వెళ్తే ఆ సీట్లో మెకాయ్ కూర్చున్నారు. మూర్ తిరిగొచ్చి కొంతకాలం చెయ్యి కలిపినా, 1949 తర్వాత భారమంతా మెకాయ్ మీదే పడింది.

ఆ భారం ఎంతో ఉత్తరాలు రాసినవాళ్ళలో ఒక్కరూ లెక్కలోకి తీసుకోలేదు. వారంలో ఆరు రోజులు రోజుకో స్ట్రిప్, ఆపైన ఆదివారం రంగుల పేజీ. ఆదివారానిది వేరే కథ, రోజువారీది వేరే కథ. పండగ లేదు, జ్వరం లేదు. ఇదంతా వెళ్ళి అచ్చయ్యేది న్యూస్‌ప్రింట్ మీద. మూర్ వేసిన సన్నటి కుంచె గీతలు ఆ కాగితం మీద సిరా పీల్చుకుని ఒక్కోసారి మసిముద్దలైపోయేవి. మెకాయ్ లావాటి గీత ఎంత చెత్త ప్రెస్సులో వేసినా చెక్కుచెదరదు. మీరు కావాలంటే ఆయన బొమ్మని బొటనవేలంత చేసి చూడండి. ఎవరు కొడుతున్నారు, ఎవరు పడుతున్నారు అన్నది అప్పుడూ తెలిసిపోతుంది. రోజూ కాఫీ తాగుతూ అర నిమిషంలో చదివి పేజీ తిప్పేసే స్ట్రిప్‌కి ఇది చిన్న గుణం కాదు.

ఇంకో సంగతి. మెకాయ్‌ని తిడుతున్న మనవాళ్ళలో చాలామందికి ఫాంటమ్‌ని పరిచయం చేసింది ఆయనే. 1964 మార్చిలో వచ్చిన మొట్టమొదటి ఇంద్రజాల్ కామిక్స్‌లో ఉన్నది ఫాంటమ్ బెల్టు కథ, అంటే తండ్రిని చంపినవాడి కోసం కొడుకు వెతుక్కుంటూ వెళ్ళే కథ. అది మెకాయ్ 1954లో గీసింది. మనం చూసింది ఆయన గీసినట్టు కూడా కాదు. ఆ మొదటి పది సంచికల్లో కథకి ఇచ్చిందే పదహారు పేజీలు. నెలల తరబడి రోజూ వచ్చిన స్ట్రిప్‌ని అందులో కుక్కాలంటే ఏం చేస్తారు? గడులు ఎత్తేశారు, మిగిలినవాటి అంచులు కోశారు. మనవాళ్ళ మనసు నొచ్చుకుంటుందని బెంగాల్‌ని గుర్తుచేసే ఫాంటమ్ దేశం పేరుని డెంకాలి చేశారు, విలన్ రామాని రామాలు చేశారు. ఆ పేర్ల మార్పు సబబే. కానీ కోతకి గురైన గడిలో మనిషి చెయ్యి మోచేతి దగ్గర ఆగిపోతే ఆ తప్పు మెకాయ్ ఖాతాలో వేస్తే ఎలా? ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత ఇంద్రజాల్‌లు తిరగేసేవాళ్ళకి నేను చెప్పేది అర్థమవుతుంది.

ఇక మెకాయ్ తర్వాత వచ్చిన సై బ్యారీ. ఆయన్ని మించినవాడు లేడని అందరూ రాశారు, నేనూ ఒప్పుకుంటాను. పుర్రె గుహలో సింహాసనం మీద ఫాంటమ్ కూర్చున్న బొమ్మ అనగానే మన కళ్ళ ముందుకొచ్చేది బ్యారీ బొమ్మే. 1961 నుంచి 1994 దాకా, ముప్పై ఏళ్ళకి పైగా స్ట్రిప్ మీద ఆయన పేరే ఉంది. పేరు మాత్రం ఒకటే గానీ చేతులు చాలా. పెన్సిల్ పని ఎక్కువగా జార్జ్ ఓలెసెన్‌ది. సిరా వేయడంలో జో జియెల్లా ఏళ్ళ తరబడి సాయం చేశారు. ఇంకా కొందరున్నారు. ఇది దాచిన రహస్యమేమీ కాదు, ఆ వ్యాపారంలో మామూలు పద్ధతే. అయితే ఒక జట్టు చేసిన పనిని ఒక మనిషి పేరు మీద జమకట్టి, దాన్ని పక్కనున్న ఇంకొకరి పనితో పోల్చి మార్కులు వేయడం మాత్రం నాకు నచ్చలేదు.

నన్నే అడిగితే నీరసంగా అనిపించేవి 1990ల రెండో సగంలోని ఆదివారం పేజీలు. బ్యారీ తప్పుకున్నాక ఆ పేజీలు చాలావరకు ఫ్రెడ్ ఫ్రెడరిక్స్ చేతి మీదుగా వచ్చాయి. ఒళ్ళు బిగుసుకుపోయినట్టుండే మనుషులు, ఖాళీ ఖాళీ గడులు. చదువుతుంటే కథ ముందుకి కదలదు. ఇది నా అభిప్రాయం, మొహమాటం లేకుండానే చెబుతున్నాను. అయితే అదే ఫ్రెడరిక్స్ అప్పటికే ముప్పై ఏళ్ళుగా మాండ్రేక్ గీస్తున్నారు, అది ఆపకుండానే ఇది కూడా నెత్తికెత్తుకున్నారు. ఆ మాట కూడా చెప్పకుండా ఆయన్ని చివరి బెంచీలో కూర్చోబెట్టడానికి నాకు మనసొప్పదు.

మొన్న ఒకరు ఎడువర్డో బరెటోని కూడా జాబితాలో ఆఖరి వరసలోకి తోశారు! ఆయన ఆదివారం పేజీ అందుకున్నది 2011లో, అదే ఏడాది డిసెంబరులో చనిపోయారు. అన్ని తక్కువ పేజీలు చూసి ర్యాంకు ఇవ్వడం ఏం న్యాయం? పాల్ రయన్ 2016లో చనిపోయేదాకా రోజువారీ స్ట్రిప్ గీశారు. ఆయన తర్వాత దాన్ని మైక్ మాన్లీ అందుకున్నారు. వీళ్ళ గురించి రాసినవాళ్ళలో వీళ్ళ పని సరైన సైజులో చూసినవాళ్ళు ఎంతమందో నాకు అనుమానమే.

ఇక్కడే పత్రికల సంగతి రాక తప్పదు, ఏమీ అనుకోకండి. 1930లలో స్ట్రిప్ పేజీలో ఎంత చోటు తినేదో పాత పత్రికలు చూస్తే తెలుస్తుంది. తర్వాత తర్వాత దాన్ని నొక్కుకుంటూ వచ్చారు. ఇప్పుడు చాలా పత్రికల్లో కామిక్ స్ట్రిప్ అంటే సుడోకు పక్కన మిగిలిన సందు. అక్షరాలు కనబడాలంటే మాటలుండే బెలూన్ పెద్దది చేయాలి, బెలూన్ పెద్దదైతే బొమ్మకి చోటుండదు. ఉన్న చోటులో గీసేవాడు తలకాయలే గీస్తాడు, మళ్ళీ మనమే "వీడికి ఒళ్ళు గీయడం రాదు" అంటాం. పైగా గడి అంచు కోసినప్పుడు ముందు ఎగిరిపోయేది మూలన ఉన్న సంతకం. బాపు సంతకం చూడకుండానే గీత చూసి ఆయనదని చెప్పే పాఠకులు మనవాళ్ళు. అలాంటి మనకి పదిహేనేళ్ళు చదివిన ఫాంటమ్ ఎవరు గీశారో తెలియదంటే తప్పు పాఠకుడిది కాదు. గీసిందెవరో చెప్పినవాళ్ళు లేరు.

కాబట్టి రెండు విన్నపాలు. మీరు వేసే స్ట్రిప్‌లు ఏవైనా సరే, కింద కథకుడి పేరు, చిత్రకారుడి పేరు తెలుగులో ఒక లైను వేయండి. ఒక్క లైనుకి ప్రకటనల ఆదాయం ఏమీ తగ్గదు.

రెండోది, ఈ చర్చ ఇంకా నడపాలనుకుంటే దానికి కాస్త సరంజామా ఇవ్వండి. ఫాంటమ్‌లో ఒక సన్నివేశం ఉంది, దాదాపు ప్రతి చిత్రకారుడూ ఎప్పుడో ఒకప్పుడు గీయక తప్పనిది. ఫాంటమ్ అన్న పేరు తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది కదా, ఓడ మునిగి తీరానికి కొట్టుకొచ్చిన ఆ వంశంలోని మొదటి ఫాంటమ్, తండ్రిని చంపిన దొంగ పుర్రె మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తాడు. మూర్, మెకాయ్, బ్యారీ ముగ్గురు గీసిన ఆ గడిని అనుమతి తీసుకుని, ఒకే సైజులో పక్కపక్కన వేయండి, కింద పేరూ సంవత్సరమూ పెట్టి. ఫ్రెడరిక్స్‌ది దొరికితే అదీ వేయండి. ఆ తర్వాత ఎవరు వీక్ అన్నది పాఠకులు రాయనివ్వండి. అప్పుడు కూడా మెకాయ్ అనే అంటే నేనిక ఉత్తరం రాయను.

ఇట్లు,
ఒక పాత పాఠకుడు,
చిక్కడపల్లి, హైదరాబాద్