గెరాల్ట్ జనాన్ని చంపలేకపోవడం లోపం కాదు

సంపాదకుడు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ పత్రికలో గెరాల్ట్ హీరోగా ఉన్న ‘ద విచర్ 3’ వీడియో గేమ్ మీద వచ్చిన వ్యాసం చదివిన రోజే రాయాల్సింది. నెలాఖరు పనుల్లో పడి వారం దాటింది, కోపం మాత్రం తగ్గలేదు. అంత పెద్ద ప్రపంచం కట్టి, దారిన పోయే మనిషిని చంపే స్వేచ్ఛ ఆటగాడికి ఇవ్వకపోవడం పెద్ద లోపమని అందులో తేల్చేశారు. సగం పేజీ వ్యాసంలో ఆ కథకు మూలపురుషుడైన పోలండ్ రచయిత ఆంజే సప్కోవ్‌స్కీ పేరు ఒక్కసారైనా రాలేదు. గెరాల్ట్ ఎవరో చెప్పకుండా అతను ఎవరిని చంపాలో ఎలా చెబుతారండీ?

నేను ఈ గేమ్‌ని మూడుసార్లు పూర్తి చేశాను. ఒకసారి అందులోని నోవిగ్రాడ్ అనే నగరం బజారులో నడుస్తూ పొరపాటున ఏదో బటన్ నొక్కితే గెరాల్ట్ కత్తి దూశాడు. పక్కనున్న ఆడమనిషి తల మీద చేతులు పెట్టుకుని అక్కడే ముడుచుకుపోయింది. నేను కత్తి ఎంత ఊపినా ఆమెకి దెబ్బ తగల్లేదు. నాకు హాయిగా అనిపించింది. ఎందుకంటే రాక్షసుల్ని చంపి డబ్బు తీసుకునే ఈ మనిషి, బ్లావికెన్ అనే ఊళ్ళో ఒక ముఠాని నరికినందుకు జనం చేత రాళ్ళ దెబ్బలు తిని, ‘బ్లావికెన్ కసాయి’ అనే పేరు జీవితాంతం మోస్తూ తిరిగేవాడు. అలాంటివాడు బోరు కొట్టి చేపలమ్మేవాళ్ళని నరుకుతాడా? నరికితే వాడు గెరాల్ట్ ఎలా అవుతాడు?

గార్డుల జోలికి మాత్రం వెళ్ళొచ్చు. వాళ్ళు మన లెవెల్ కంటే చాలా పైనుంటారు, ఊపిరి తిప్పుకోనివ్వరు.

స్వేచ్ఛ ఇస్తే ఏం చేస్తామో గేమ్‌లోని వైట్ ఆర్చర్డ్ అనే ఊరి ఆవులు చెబుతాయి. గేమ్ వచ్చిన 2015లో ఆటగాళ్ళు ఆ ఊరి ఆవుల్ని చంపడం, తోళ్ళు అమ్ముకోవడం, గెరాల్ట్‌ని కాసేపు ధ్యానంలో కూర్చోబెడితే మళ్ళీ ఆవులు వస్తాయి కాబట్టి మళ్ళీ చంపడం, ఇదే పనిగా పెట్టుకున్నారు. చివరికి తయారుచేసిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ వాళ్ళు గేమ్‌కి తర్వాత ఇచ్చిన ఒక సవరణలో (ప్యాచ్‌లో), ఆవుల్ని వరసగా చంపితే కొమ్ముల రాక్షసి వచ్చి మీద పడేలా చేయాల్సి వచ్చింది. నాలుగు నాణేల కోసం ఆవుల్నే వదలని మనం మనుషుల్ని వదులుతామా?

పైగా ఆ గేమ్ ఈ ప్రశ్నని తప్పించుకోలేదు. హానర్టన్ అనే పల్లెలో అడుగుపెడితే గుడిసెల మధ్య అన్నీ శవాలే. చంపింది రాక్షసి కాదు, గెరాల్ట్ లాంటి ఇంకో వేటగాడు గయేటన్. ఊరికి పట్టిన పీడని వదిలించినందుకు వాడికి పన్నెండు నాణేలు చూపించి, ఆపైన దొంగదెబ్బ తీశారు. వాడు ఊరంతా నరికేసి ఒక్క పాపని వదిలేశాడు, తన చెల్లెలు గుర్తొచ్చిందట. వాణ్ణి చంపాలా వదలాలా అన్నది మనదే నిర్ణయం. నేను వదిలేశాను, మా తమ్ముడు నరికేశాడు, ఇద్దరం రాత్రి ఒంటిగంట దాకా ఫోన్‌లో పోట్లాడుకున్నాం. బజారులో ఎవరిని పడితే వాళ్ళని చంపే వీలుంటే ఆ పల్లెలో శవాలు చూసి నా గుండె అలా బరువెక్కేదా?

జీటీఏ (గ్రాండ్ థెఫ్ట్ ఆటో) గేమ్‌లో చంపొచ్చు కదా అని రాశారు. అందులో మనం ఆడేది నేరగాళ్ళని. అసాసిన్స్ క్రీడ్ గేమ్ చూడండి, అల్టెయిర్ అనే హంతకుడే హీరో అయినా, సామాన్యుల్ని చంపుతూపోతే ‘అల్టెయిర్ సామాన్యుల్ని చంపలేదు’ అని హెచ్చరించి ఆట మళ్ళీ వెనక్కి తీసుకెళ్తుంది.

ఇంకో బాధ కూడా చెప్పాలి. మన దగ్గర గేమ్స్ అంటే అధికారులకి ఒకటే మాట, నిషేధం. 2017లో తెలంగాణలో ఆన్‌లైన్ రమ్మీ, 2020లో దేశమంతా పబ్‌జీ. సినిమాకైతే సెన్సార్ సర్టిఫికెట్ ఉంది. ఈ గేమ్ డబ్బా మీద యూరప్ వాళ్ళు వేసిన 18 అంకె చూసి పిల్లాడికి కొనివ్వకూడదని మన తల్లిదండ్రులకి ఎవరు చెప్పారు? మా కాలనీలో షాపువాడు ఏడో తరగతి పిల్లాడికి ఏమీ అడక్కుండా డిస్క్ ఇచ్చాడు, నేను పక్కనే ఉన్నాను, వాళ్ళ నాన్న కూడా పక్కనే ఉన్నాడు. పత్రికలైనా గేమ్‌లో ఏముందో శ్రద్ధగా రాయాలి కదా. సినిమా సమీక్షకి పెట్టే శ్రద్ధలో సగమైనా పెట్టండి.

ఆ వ్యాసం రాసినవారు హానర్టన్ దాకా ఆడారో లేదో నాకు తెలియదు. ఆడకపోతే ఆడమనండి, ఆ పాపని ఒరెటన్‌లో వాళ్ళ పిన్ని దగ్గర దిగబెట్టాక మళ్ళీ రాయమనండి. తప్పకుండా చదువుతాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
విజయవాడ