కన్నవారి కబురుకూ దస్త్రంలో చోటు కావాలి

సంపాదకులకు నమస్కారం.

నాకు 1997లో ఒక ఆడపిల్ల పుట్టింది. అప్పటికి నాకు పెళ్లి కాలేదు. పదకొండు రోజులు పాలిచ్చి, పన్నెండో రోజు తిరుపతిలోని ఒక ఆశ్రమంలో అప్పగించి వచ్చాను. ఈ సంగతి నా భర్తకు పెళ్లికి ముందే చెప్పాను. ఈ ఉత్తరం కూడా ఆయన చదివిన తరువాతే మీకు పంపుతున్నాను. నా పేరు వేయవద్దని మనవి. ఎక్కడో ఉన్న ఆ అమ్మాయికి నా వల్ల ఇబ్బంది రాకూడదు.

గత కార్తీకమాసంలో ఆ బిడ్డ తండ్రి నన్ను వెతుక్కుంటూ వచ్చారు. 28 ఏళ్ల తరువాత చూడటం. చదువుకునే రోజుల్లో కూర్చునే కపిలతీర్థం మెట్ల మీదే, దీపాలు వెలిగిస్తున్న ఆడవాళ్ల మధ్య కూర్చున్నాం. పాత సంగతులేవీ ఎత్తలేదు. ఆయనకు 49వ ఏట గుండెపోటు వచ్చిందట. పరీక్షలు చేసిన వైద్యులు అది వంశపారంపర్యంగా వచ్చే అధిక కొలెస్ట్రాల్ అని తేల్చారు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం వచ్చే అవకాశం ఉంటుందనీ, ముందుగా తెలిస్తే మందులతో అదుపులో ఉంచుకోవచ్చనీ, పిల్లలందరికీ రక్తపరీక్ష చేయించమనీ చెప్పారు. ఆయన ఇద్దరు కొడుకులకూ చేయించారు. పెద్దబ్బాయికి ఉందని తెలిసి మందులు మొదలుపెట్టారు.

"మరి మన అమ్మాయికి ఎవరు చెబుతారు?" అని అడిగారు నన్ను.

చేతిలో మడత పెట్టిన కాగితం ఒకటి ఉంది. తన తండ్రికి, మేనత్తకు, తనకు ఏ వయసులో ఏ జబ్బు వచ్చిందో అందులో వరుసగా రాసుకొచ్చారు. దాని కిందే నేను మా అమ్మ, అమ్మమ్మల జబ్బులు రాశాను. "మన అమ్మాయి" అన్న మాట ఒకరి నోట వినడం నాకు అదే మొదటిసారి.

ఆ ఒక్క కాగితం అందజేయడానికి మేమిద్దరం, నా భర్త తోడుగా, మూడు నెలలు తిరిగాం. ఆశ్రమం ఏనాడో మూతపడింది. దస్త్రాలు చిత్తూరుకు వెళ్లాయన్నారు. చిత్తూరులో అడిగితే, 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు తిరుపతి కాగితాలన్నీ తిరుపతికే పంపేశామన్నారు. తిరుపతిలో అలాంటివేవీ రాలేదన్నారు. ఆశ్రమం నుంచి దత్తత ఇవ్వాలంటే అప్పట్లో కోర్టు అనుమతి కావాలి కనుక అక్కడ చూడమని ఒకరు సలహా ఇచ్చారు. కేసు నంబరు లేనిదే వెతకలేమని అక్కడ చెప్పారు. ఎవరూ మమ్మల్ని పరుషంగా మాట్లాడలేదు, అది చెప్పాలి. ఒక యువ ఉద్యోగిని కుర్చీ వేసి, మంచినీళ్లు ఇచ్చి, "అమ్మా, బిడ్డ వచ్చి అడిగితే ఏం చేయాలో మాకు రాసి ఉంది. మీరు వచ్చి అడిగితే ఏం రాసుకోవాలో తెలియడం లేదు" అన్నారు.

నా బాధంతా ఆమె మాటలోనే ఉంది. 2022 నాటి దత్తత నిబంధనల ప్రకారం 18 ఏళ్లు నిండిన దత్తత బిడ్డ స్వయంగా, అంతకు చిన్నవారైతే పెంచిన తల్లిదండ్రులతో కలిసి, తన పుట్టుక వివరాలు అడగవచ్చు. కన్నతల్లి తన పేరు బయటపెట్టవద్దని కోరి ఉంటే ముందు ఆమె సమ్మతి తీసుకోవాలి. ఆమె ఒప్పుకోకపోయినా, ఆచూకీ దొరకకపోయినా, ఏ పరిస్థితుల్లో అప్పగించారో మాత్రం బిడ్డకు చెబుతారు. మూడో మనిషికి ఏమీ చెప్పరు. ఇవన్నీ న్యాయమైనవే. నాకు నిద్ర పట్టనివ్వనిది "ఆచూకీ దొరకకపోతే" అన్న మాట. 1997లో నేను రాసిచ్చిన చిరునామా ఒక అద్దె గది. ఆ ఇల్లు పడగొట్టి లాడ్జి కట్టారు. పెళ్లితో నా ఇంటిపేరు మారింది. ఉద్యోగరీత్యా నాలుగు ఊళ్లు తిరిగి మళ్లీ ఇక్కడికే చేరాను. రేపు నా కూతురు వచ్చి అడిగితే, ఇదే ఊళ్లో బతికి ఉండి కూడా నేను ఆచూకీ లేని మనిషినే. తండ్రి పేరు అసలు ఏ కాగితంలోనూ లేదు. పెళ్లి కాని తల్లి కనుక నా సంతకం ఒక్కటే సరిపోయింది. ఇప్పటి నిబంధన కూడా అంతే. అయినా, 49వ ఏట వచ్చిన గుండెపోటు 22 ఏళ్ల వయసులో రాసిచ్చిన కాగితంలో ఎలా ఉంటుంది?

నా కూతురిని చూపించమని నేను అడగడం లేదు. ఆమెకు అమ్మానాన్నలు ఉన్నారు. వాళ్ల తలుపు నేను తట్టకూడదు, తట్టను. ఆమె వెతుక్కుంటూ వస్తే మాత్రం నేను దొరకాలి. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. ప్రతి జిల్లా బాలల పరిరక్షణ విభాగంలోనూ ఒక రిజిస్టరు పెట్టాలి. కన్నవారు తమంతట తాము వచ్చి, గుర్తింపు చూపించి, ఇప్పటి చిరునామా, కలవడానికి సమ్మతి, ఇంటి జబ్బుల వివరాలు సీలు వేసిన కవరులో ఇచ్చి రసీదు తీసుకునే వీలు ఉండాలి. బిడ్డ అడిగిన రోజునే ఆ కవరు తెరవాలి. ప్రాణాంతకమైన జబ్బు సంగతి అయితే మాత్రం అంతవరకు ఆగకుండా, పేర్లు చెప్పకుండా పెంచిన కుటుంబానికి కబురు చేయాలి. బలాత్కారానికి గురై కన్నవాళ్లు, ఇంట్లో తెలిస్తే బతకలేమని భయపడేవాళ్లు ఎందరో ఉంటారు. వాళ్లు రిజిస్టరు దగ్గరికే రారు, వాళ్లను ఎవరూ కదిలించకూడదు. బిడ్డ హక్కు కన్నవారి గోప్యతను మీరరాదని నిబంధనలోనే ఉంది.

2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వులు కోర్టులకు బదులు కలెక్టర్లే ఇస్తున్నారు. అందుకే తిరుపతి, చిత్తూరు కలెక్టర్లిద్దరినీ వేడుకుంటున్నాను. మూతపడిన ఆశ్రమాల దస్త్రాలు ఏ గదిలో, ఏ బీరువాలో ఉన్నాయో ముందు లెక్క తీయించండి. చెదలు తినకముందే తీయించండి.

మీ పత్రికకూ ఒక మాట. ముళ్లపొదల్లో పసికందు దొరికిన ప్రతిసారీ "కసాయి తల్లి" అని శీర్షిక పెడతారు. అది చదివిన రోజు నాకు అన్నం సహించదు. ఆ వార్త పక్కనే పిల్లల సహాయవాణి 1098 నంబరు వేయండి. పెంచలేని బిడ్డను బాలల సంక్షేమ కమిటీ ముందు అప్పగించవచ్చనీ, మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు ఉంటుందనీ రాయండి. తమ చేతుల్లో లేని పరిస్థితుల వల్ల వదిలేశారని తేలితే అది ఉద్దేశపూర్వకం కాదనే భావించాలని 2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 75వ సెక్షన్ చెబుతోంది. గడువు అనే మాట 1997లో నాకు ఎవరూ చెప్పలేదు. బిడ్డ తండ్రి అప్పుడు ఉద్యోగ పరీక్షల కోసం హైదరాబాదులో ఉన్నారు. నా ఉత్తరం అందేసరికి సంతకం అయిపోయింది.

ఆ కాగితం ఇప్పుడు మా ఇంటి బీరువాలో ఉంది. ఎక్కడ తీసుకుంటారో చెబితే మరునాడే తెచ్చి ఇస్తాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తిరుపతి