12 సీట్ల బండికి పెట్టెల లెక్క కూడా రాయించండి: తెలంగాణ రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

శంషాబాద్‌లో విమానం దిగి ఒక్కరే నగరంలోకి రావాలంటే పెద్ద ఇబ్బంది లేదు. పుష్పక్ బస్సులు తిరుగుతున్నాయి, యాప్‌లో క్యాబ్ దొరుకుతుంది. 8 మందో 12 మందో కలిసి దిగినప్పుడే చిక్కు మొదలవుతుంది. పెళ్లికి వచ్చే బంధువులు, కాశీ యాత్ర ముగించుకొని వచ్చే పెద్దవాళ్లు, ఉమ్రా నుంచి తిరిగొచ్చే కుటుంబాలు, సదస్సులకు వచ్చే బృందాలు, వీళ్లంతా ఫోన్ మీద ట్రావెల్స్ వాళ్లతో మాట్లాడి బండి కుదుర్చుకుంటారు. విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారింది 2008లో. నగరం నడిబొడ్డుకు సుమారు 24 కిలోమీటర్లు, మియాపూర్ వైపైతే 40 దాకా ఉంటుంది. ఇన్నేళ్లు గడిచినా ఈ గ్రూపు కిరాయికి కాగితమంటూ లేదు. "బండి వచ్చేస్తది సార్, అంతా కలిపే" అన్న మాటే ఒప్పందం.

ఇలాంటి బండ్లు కుదర్చడమే మా ఉద్యోగం. గొడవ ఎక్కడ పుడుతుందో, ఎందుకు పుడుతుందో మాకు తెలుసు. అందుకే ఒక్క విన్నపం చేస్తున్నాం. విమానాశ్రయం నుంచి గ్రూపును ఎక్కించుకునే ప్రతి కిరాయి బండికీ, డబ్బు చేతులు మారకముందే రాసిచ్చే ట్రిప్ షీటును పర్మిట్ షరతుగా పెట్టండి. అందులో పెట్టెల లెక్క కూడా ఉండాలి.

పెట్టెల లెక్క ఎందుకంటే, సగం తగాదాలు అక్కడే. ముందుగా సీట్ల సంగతి చూడండి. ప్రకటనలో "7 సీటర్" అంటే డ్రైవరుతో కలిపి 7. "12+1" అంటే డ్రైవరు కాకుండా 12. ఈ రెండు లెక్కలూ ఒకే రేటు కార్డులో పక్కపక్కనే ఉంటాయి. చట్టంలో అయోమయం లేదు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం డ్రైవరు కాక 6 మంది వరకు మోటార్ క్యాబ్, 7 నుంచి 12 మంది వరకు మ్యాక్సీ క్యాబ్. ఏడుగురు ఉన్న కుటుంబం 7 సీటర్ మాట్లాడుకుంటే ఒకరికి సీటు ఉండదు. అది తెలిసేది అర్ధరాత్రి, అరైవల్స్ బయట, సామాన్ల ట్రాలీలతో నిలబడ్డాక.

అందరికీ సీట్లు సరిపోయినా సామాను పట్టదు. ఎర్టిగాలో మూడో వరుస సీట్లు లేపి ఉంచితే డిక్కీలో మిగిలేది 209 లీటర్ల చోటు. విదేశాల నుంచి తెచ్చే 28 అంగుళాల పెద్ద సూట్‌కేసు ఒక్కటే సుమారు 110 లీటర్లు. అంటే లెక్కకు రెండు పెట్టెలు కూడా పూర్తిగా పట్టవు. సీఎన్‌జీ బండి అయితే డిక్కీలో సిలిండరే సగం చోటు తినేస్తుంది. ఇన్నోవాలో కాస్త నయం. అయినా ఆరుగురు కూర్చుంటే వెనక రెండు పెద్ద పెట్టెలు, పైన ఒకటి రెండు చేతిసంచులు, అంతే. అమెరికా నుంచి వచ్చే విమానాల్లో చాలావాటిలో మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు అనుమతిస్తారు. ఆరుగురికి 12 పెట్టెలు, వాటితోపాటు చేతిలోకి ఆరు క్యాబిన్ బ్యాగులు. ఈ సామానుకు ఇన్నోవా పంపేవాడికి లెక్క రాదనుకోలేం. రెండో బండి అక్కడికక్కడే రెట్టింపు రేటుకు తెప్పించవచ్చన్న ఆలోచన కూడా దీని వెనక ఉంటుంది.

టెంపో ట్రావెలర్‌లో మరో మెలిక ఉంది. కొన్ని 12 సీట్ల బండ్లలో చివరి వరుస వెనక సామానుకు విడిగా చోటు వదులుతారు. 17 సీట్ల వాటిలో చాలాసార్లు చివరి సీటు వెనక తలుపును ఆనుకొనే ఉంటుంది, డిక్కీ అన్నదే ఉండదు. పైన క్యారియర్ ఉందంటారు. క్యారియర్ మీద సామాను వేయాలంటే పట్టా ఉండాలి, తాడు ఉండాలి, కట్టేవాడు ఉండాలి. వానాకాలం తెల్లవారుజామున ఆ మూడూ ఒకచోట దొరకవు. సరిగా కట్టని పెట్టె ఔటర్ రింగ్ రోడ్డు మీద జారిపడితే వెనక వచ్చే బండికి ప్రాణగండం. మేము పాటించే లెక్క ఇది: దేశంలోపల ప్రయాణమైతే ఇద్దరు మనుషులకు మూడు సీట్లు, విదేశాల నుంచైతే మనిషికి రెండు సీట్లు. విదేశాల నుంచి ఎనిమిది మంది దిగుతుంటే 17 సీట్ల బండి, లేదా 12 సీట్ల బండితోపాటు సామాను కోసం ఇంకో బండి. వీల్‌చైర్ ఉంటే మడిచినా ఒక పెద్ద పెట్టె అంత చోటు అదనంగా లెక్కేయాలి. ఈ లెక్క ప్రయాణికుడికి తెలిసి ఉండాలని ఆశించడం న్యాయం కాదు. "ఈ బండిలో ఇంతమంది మనుషులు, ఇన్ని పెద్ద పెట్టెలు, ఇన్ని చిన్నవి" అని బండి యజమానే రాసివ్వాలి.

ఇక కిలోమీటర్లు. ఫోన్‌లో చెప్పేది "4 గంటలు, 40 కిలోమీటర్ల ప్యాకేజీ". ఎల్బీనగర్ వెళ్లే గ్రూపు పాతిక కిలోమీటర్లే కదా, సరిపోతుందని అనుకుంటుంది. కానీ లెక్క గ్యారేజ్ టు గ్యారేజ్. మియాపూర్ నుంచి బయలుదేరిన బండి ఖాళీగా శంషాబాద్ రావడానికి సుమారు 40, అక్కడి నుంచి ఎల్బీనగర్‌కు 25, తిరిగి మియాపూర్‌కు 30. మొత్తం 95. ప్రయాణికులు కూర్చున్నది 25 కిలోమీటర్లు, బిల్లులో అదనంగా పడేది 55. గంటలదీ అదే వరస. రాత్రి 11.30కి గ్యారేజీలో బయలుదేరిన బండి తెల్లవారి 4.15కి తిరిగి చేరితే నాలుగు గంటలు దాటినట్టే, అదనపు గంట పడుతుంది. దానిపైన నైట్ బత్తా, పార్కింగ్, టోల్. డ్రైవరు ఖాళీగా వచ్చిన దూరానికి డబ్బు అడగడం తప్పని మేము అనడం లేదు, డీజిల్ ఊరికే రాదు. ఆ మాట ఫోన్‌లోనే చెప్పకపోవడం తప్పు. విమానాశ్రయం బదిలీలకు ప్యాకేజీ పద్ధతే పనికిరాదు. ఎక్కేచోటు, దిగేచోటు చెప్పి మొత్తం ఒకే ధర రాసే పద్ధతి ఒక్కటే సరైనది.

టోల్ విషయం కూడా అందులోనే తేలాలి. మెహదీపట్నం వైపు వెళ్లేవాళ్లు ఆరాంఘర్ దగ్గర 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే టోల్ ఉండదు. గచ్చిబౌలి వైపు ఔటర్ మీద వెళ్తే ఎక్కిన చోటును, దిగిన చోటును బట్టి టోల్ పడుతుంది. ఫాస్టాగ్ మెసేజ్ యజమాని ఫోన్‌కే వెళ్తుంది కాబట్టి ఎంత పడిందో వెనక సీట్లో ఉన్నవాళ్లకు తెలియదు, చెప్పినంత ఇస్తారు. దారి ఏదో, టోల్ ధరలో కలిసి ఉందో లేదో షీటులో రాస్తే ఈ గొడవ ఉండదు.

తేదీ గురించి కూడా చెప్పాలి. గల్ఫ్ నుంచి, యూరప్ నుంచి వచ్చే విమానాలు చాలావరకు అర్ధరాత్రికీ తెల్లవారుజాముకీ మధ్య దిగుతాయి. "14 రాత్రి 12.40" అని మెసేజ్ పెడితే ఒకరికి 14 మొదలైన రాత్రి, ఇంకొకరికి 14 ముగిసే రాత్రి. 24 గంటల తేడాతో బండి వస్తుంది, లేదా రానే రాదు. విమానం నంబరు, దిగే తేదీ, 00.40 అని 24 గంటల పద్ధతిలో సమయం, ఈ మూడూ తప్పనిసరి చేయాలి. విమానం నంబరు ఉంటే డ్రైవరు ఆలస్యాన్ని తన ఫోన్‌లోనే చూసుకుంటాడు. వెయిటింగ్ లెక్క మొదలు కావాల్సింది విమానం నిజంగా నేల తాకిన సమయం నుంచి, టికెట్ మీద ఉన్న సమయం నుంచి కాదు. ఇమిగ్రేషన్, బెల్టు మీద సామాను, కస్టమ్స్ దాటి గ్రూపు అంతా ఒకచోట చేరేసరికి గంట నుంచి గంటన్నర పడుతుంది. కాబట్టి అంతర్జాతీయ విమానాలకు 90 నిమిషాలు, దేశీయ విమానాలకు 45 నిమిషాలు ఉచిత వెయిటింగ్ ఉండాలి. ఆపైన అరగంటకు ఇంత అని ముందే రాయాలి. మూడు గంటలు ఆలస్యమైన విమానం కోసం కాచుకొని, పార్కింగ్ డబ్బు సొంత జేబులోంచి కట్టుకొని, చివరికి ముందు చెప్పిన కిరాయే తీసుకుపొమ్మంటే మాట పడలేక వెళ్లిపోయే డ్రైవర్లు కూడా ఉన్నారు. షీటు వాళ్లకూ రక్షణే.

మీరు ప్రత్యేకంగా దృష్టి పెట్టాల్సింది డ్యూటీలు, అంటే కుదిరిన ట్రిప్పులు, చేతులు మారడం మీద. ప్రయాణికుడు మాట్లాడేది ఒకరితో. ఆయన దగ్గర బండి ఉండదు, వాట్సాప్ గ్రూపులో డ్యూటీ పెడతాడు. ఇంకొకరు తీసుకొని మరొకరికి పాస్ చేస్తారు. చేయి మారినప్పుడల్లా కమిషన్ తెగుతుంది. చివరికి బండి తోలేవాడికి మిగిలేది తక్కువ, అందుకే బండి ఎక్కాక "ఇంకో 500 ఇవ్వండి సార్" అన్న మాట వస్తుంది. అడ్వాన్సు మొదటివాడి యూపీఐకి వెళ్లి ఉంటుంది, రసీదు ఉండదు. ఫిర్యాదు చేయాలన్నా ఎవరి మీద చేయాలి? బుక్ చేసినవాడు, పంపినవాడు, తోలినవాడు ముగ్గురూ వేరు.

ఇలా చేతులు మారే క్రమంలోనే తెల్ల ప్లేటు బండ్లు చొరబడతాయి. సొంత వాడకానికి రిజిస్టర్ చేసిన బండిని కిరాయికి తిప్పితే పర్మిట్ లేనట్టే, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 192-ఎ కింద 10,000 రూపాయల జరిమానా ఉంది. జరిమానా కన్నా పెద్ద సంగతి ఇన్సూరెన్స్. సొంత బండి పాలసీలో కిరాయి వాడకానికి కవరేజీ ఉండదు. ప్రమాదం జరిగితే లోపలున్న పది మందీ పరిహారం కోసం కోర్టుల చుట్టూ తిరగాల్సిందే. కిరాయి బండికి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు ఉండాలి. ఎలక్ట్రిక్ బండి అయితే ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలు. బండి నంబరు ముందురోజే చేతికొస్తే ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ గడువులు ఎవరైనా చూసుకోగలరు. నంబరు పది నిమిషాల ముందు వస్తే ఎవరూ చూడరు, నిద్రమొహాలతో ఎక్కేస్తారు.

యాప్ క్యాబ్‌లకైతే కేంద్రం 2025 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది, రద్దీ వేళ ధర బేస్ ఛార్జీకి రెండింతలు మించకూడదని చెప్పింది. ఫోన్‌లో కుదిరే గ్రూపు కిరాయికి అలాంటి పరిమితి ఏదీ ఆచరణలో లేదు. మీ చేతిలో అధికారం లేక కాదు. కాంట్రాక్ట్ క్యారేజీల గరిష్ఠ, కనిష్ఠ ఛార్జీలు నిర్ణయించే అధికారం సెక్షన్ 67 రాష్ట్ర ప్రభుత్వానికే ఇచ్చింది. పర్మిట్‌కు షరతులు పెట్టే వీలు సెక్షన్ 74లో ఉంది. అసలు కాంట్రాక్ట్ క్యారేజీ అంటేనే ఒప్పందం మీద నడిచే బండి. ఆ ఒప్పందాన్ని కాగితం మీదికి తెమ్మనే మేము అడుగుతున్నాం.

దీంతోపాటు రెండు చిన్న పనులు. విమానాశ్రయ యాజమాన్యంతో మాట్లాడి 12 సీట్లు, ఆపైన ఉన్న బండ్లకు విడిగా ఎక్కే చోటు ఇప్పించండి. కారు ఎక్కడానికి రెండు నిమిషాలు చాలు. పది మందీ 20 పెట్టెలూ ఎక్కడానికి కనీసం 15 నిమిషాలు కావాలి. ఆ వ్యవధి లేక డ్రైవరు ముందుకు కదులుతాడు, చుట్టు తిరిగి వస్తాడు, సగం మంది ఒకచోట సగం మంది ఇంకోచోట ఉండిపోతారు. చేతిలో భారతీయ సిమ్ లేని పెద్దవాళ్లకు ఆ పావుగంట నరకమే. రెండోది, మీ శాఖ తనిఖీ బృందం రాత్రి 11 నుంచి ఉదయం 6 వరకు అక్కడ ఉండాలి. గ్రూపు బండ్లు ఎక్కువగా తిరిగేది ఆ వేళలోనే. పగలంతా డ్యూటీ చేసిన డ్రైవరునే రాత్రి 1 గంటకు మళ్లీ పంపే అలవాటు కూడా అప్పుడే పట్టుబడుతుంది. షీటులో డ్రైవరు ముందు డ్యూటీ ఎప్పుడు ముగిసిందో రాయిస్తే నిద్రమత్తు ప్రమాదాలు కొన్నయినా తగ్గుతాయి.

నమూనాగా ఒక షీటు ఎలా ఉండాలో రాస్తున్నాం. విమానం నంబరు, దిగే తేదీ 15, సమయం 00.40. మనుషులు 8, అందులో వీల్‌చైర్ 1. పెద్ద పెట్టెలు 14, చిన్నవి 8. బండి 17 సీట్ల టెంపో ట్రావెలర్, పసుపు ప్లేటు, నంబరు, ఫిట్‌నెస్ గడువు, ఇన్సూరెన్స్ గడువు. సామాను చివరి రెండు వరుసల్లో, క్యారియర్ మీద ఏమీ లేదు. ఎక్కేచోటు అరైవల్స్, దిగేచోట్లు కూకట్‌పల్లి, మియాపూర్. దారి ఔటర్ మీదుగా. మొత్తం ధర ఇంత. టోల్, పార్కింగ్, నైట్ బత్తా, రెండో డ్రాప్ అన్నీ ఇందులోనే. ఉచిత వెయిటింగ్ 90 నిమిషాలు, ఆపైన అరగంటకు ఇంత. తీసుకున్న అడ్వాన్సు ఇంత, మిగిలింది దిగాక. బండి రాకపోతే అడ్వాన్సు 24 గంటల్లో వాపసు. పర్మిట్ ఉన్న యజమాని పేరు, ఫోన్, సంతకం. డ్రైవరు పేరు, లైసెన్సు నంబరు, ముందు డ్యూటీ ముగిసిన సమయం. కింద మీ శాఖ ఫిర్యాదుల నంబరు.

ఇదంతా ఫోన్‌లో నింపితే ఐదు నిమిషాల పని. కొత్త యాప్ కట్టనక్కర్లేదు, మీ శాఖ వెబ్‌సైట్‌లో ఒక ఫారం పెట్టి, నింపగానే ఇద్దరి ఫోన్లకూ ఎస్ఎంఎస్ వెళ్లేలా చేస్తే చాలు. ముందుగా మ్యాక్సీ క్యాబ్‌లకు, ఒక్క శంషాబాద్‌లో, మూడు నెలలు అమలు చేసి చూడమని కోరుతున్నాం. షీటు లేని బండిని గ్రూపు ఎక్కే చోటులోకి రానివ్వకూడదన్న ఒక్క నియమం ఉంటే అమలు దానంతటదే జరుగుతుంది. ఫారం తయారీకి మా అనుభవం పనికొస్తుందంటే, మీ అధికారులు పిలిచిన రోజు వచ్చి కూర్చుంటాం.

ఇట్లు,
హైదరాబాద్‌లో గ్రూపు ప్రయాణాలకు బండ్లు కుదిర్చే ట్రావెల్ డెస్క్ ఉద్యోగులం