డబ్బు పోయిందా, దారిలో ఆగిందా?

సంపాదకులకు నమస్కారం.

యాప్‌లలో కొనుగోళ్ల పేరిట జనం మోసపోతున్నారంటూ మీ పత్రికలో ఇటీవల వచ్చిన కథనాన్ని శ్రద్ధగా చదివాను. తెనాలిలో పదమూడేళ్లుగా సెల్‌ఫోన్ల దుకాణం నడుపుతున్నవాణ్ని కాబట్టి, అందులో రాసిన బాధలన్నీ నా కౌంటర్ ముందు నిలబడి మనుషులు చెప్పగా విన్నవే. అయితే ‘డబ్బు కట్ అయింది, ప్లాన్ రాలేదు’ అన్న ప్రతి ఫిర్యాదునూ మోసం కింద జమకట్టి, వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని చెప్పడం దగ్గర మాత్రం మీ విలేకరితో ఏకీభవించలేకపోతున్నాను. నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం మోసాలు కావు. డబ్బు బ్యాంకుకూ, ప్లే స్టోర్‌కూ, యాప్‌కూ మధ్య ఎక్కడో ఆగి ఉంటుంది. ఎక్కడ ఆగిందో చూసుకోకుండా మనిషి వేరే వాళ్ల తలుపు కొడుతుంటాడు.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో పాఠాల యాప్ ఒకటి తెరిచి ఏడాది ప్లాన్ తీసుకున్నామనుకోండి. కొంటున్నది యాప్‌లోనే అయినా చాలా సందర్భాల్లో గల్లాపెట్టె మాత్రం గూగుల్ ప్లేది. మనం యూపీఐ పిన్ కొట్టగానే బ్యాంకు డబ్బు తీసి పంపుతుంది, అది అందినట్టు ప్లే స్టోర్ ఒక ఆర్డర్ నంబర్ వేస్తుంది, ఆ ఆర్డర్‌ను చూసుకుని యాప్ పాఠాల తాళం తీస్తుంది. బ్యాంకుకు తెలిసేది ఇందులో మొదటి అడుగు ఒక్కటే. యాప్ కంపెనీకి తెలిసేది చివరి అడుగు. అందుకే బ్యాంకులో అడిగితే ‘మా వైపు నుంచి వెళ్లిపోయింది’ అంటారు, కంపెనీని అడిగితే ‘మాకేమీ రాలేదు’ అంటారు, ఇద్దరూ అబద్ధం చెప్పకపోయినా మన కడుపు మండుతుంది.

కాబట్టి ఎవరైనా ఈ సమస్యతో వస్తే నేను మొదట చూసేది ఆ ఆర్డర్ నంబర్ ఉందా లేదా అనే. ప్లే స్టోర్ తెరిచి పైన కుడివైపు ఉండే గుండ్రటి బొమ్మ నొక్కితే, చెల్లింపులు, సబ్‌స్క్రిప్షన్ల వరుస కనబడుతుంది. అందులోకి వెళ్లి కొనుగోళ్ల చరిత్ర చూడాలి. జీపీఏ అనే మూడు ఇంగ్లిష్ అక్షరాలతో మొదలై, చుక్క తర్వాత గీతలతో విడదీసిన అంకెలు ఉంటాయి, అదే ఆర్డర్ నంబర్. దానితోపాటు జీమెయిల్‌కు రశీదు కూడా వస్తుంది. ఆ నంబర్ పడి, కొనుగోలు పూర్తయినట్టు ఉంటే డబ్బు స్టోర్ దాకా చేరిందని అర్థం, ఇక తేలవలసింది యాప్ దగ్గర. ఎంత వెతికినా ఆ నంబర్ లేకుండా, బ్యాంకు మెసేజ్ ఒక్కటే ఉంటే, తేలవలసింది బ్యాంకు దగ్గర.

గత శ్రావణ మాసంలో మా వీధి చివర బట్టలు కుట్టే ఒకామె వచ్చారు. కొడుకు కోసం స్పోకెన్ ఇంగ్లిష్ యాప్‌లో 399 రూపాయల ప్లాన్ కొంటుంటే, పిన్ కొట్టాక తెర మీద చక్రం తిరుగుతూనే ఉండి చివరికి ‘పేమెంట్ ఫెయిల్డ్’ అని వచ్చిందట. మళ్లీ నొక్కారు, ఈసారి ప్లాన్ తెరుచుకుంది. కానీ బ్యాంకు మెసేజ్‌లు రెండు, ఒక్కొక్కటి 399. యాప్ వాళ్లు తన డబ్బు నొక్కేశారని ఆమె నమ్మకం. ఫోన్ తీసుకుని చూస్తే డబ్బు రెండుసార్లు కట్ అయినా ఆర్డర్ ఒక్కటే ఉంది. మొదటి 399 స్టోర్ దాకా చేరనే లేదు, కాబట్టి యాప్ కంపెనీని ఎన్నిసార్లు అడిగినా వాళ్లు చెప్పగలిగింది ఏమీ లేదు. ఇలాంటివాటికి రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులోనే గడువు పెట్టింది. యూపీఐ ద్వారా వ్యాపారికి కట్టిన డబ్బు ఖాతాలోంచి పోయి, వ్యాపారికి అందినట్టు ధ్రువీకరణ రాకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా దానంతట అదే వెనక్కి పడాలి. ఆలస్యమైతే ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున ఖాతాదారుకు పరిహారం ఇవ్వాలి. యూపీఐ యాప్‌లో ఆ లావాదేవీ మీద నొక్కితే కనిపించే 12 అంకెల నంబర్‌ను ఒక చీటీ మీద రాసి ఆమె చేతికిచ్చి, అయిదు రోజులు చూసి రాకపోతే దీనితో బ్యాంకుకు వెళ్లండని చెప్పాను. నాలుగో రోజు సాయంత్రం డబ్బు వచ్చిందని చెప్పడానికి దుకాణానికి వచ్చారు. ఆ రోజు ఆమె 1930కి ఫోన్ చేసి ఉంటే ఏ నేరగాడి మీద ఫిర్యాదు రాయించేవారో నాకు తెలియదు.

ఆర్డర్ నంబర్ ఉండి కూడా యాప్ తాళం తెరుచుకోని సందర్భాలు వేరు. అక్కడ చరిత్రలో ‘పెండింగ్’ అని ఉందేమో ముందు చూడాలి, అది తేలేదాకా యాప్ తాళం తీయదు, తీయకూడదు కూడా. పూర్తయిన ఆర్డర్ అయితే, అది తమకు ముట్టినట్టు యాప్ వాళ్లు మూడు రోజుల్లోగా ప్లే స్టోర్‌కు తెలియజేయాలన్నది గూగుల్ పెట్టిన నియమం. తెలియజేయకపోతే ఆ కొనుగోలు రద్దయి డబ్బు దానంతట అదే వాపసవుతుంది. ఈ సంగతి తెలియక రెండో రోజే ఇంకో ఫోన్‌లోంచి, ఇంకొకరి ఖాతాతో అదే ప్లాన్ మళ్లీ కొని, లెక్కలు తమకు తామే చిక్కుముడి వేసుకున్నవారిని చూశాను.

ఇంత చెబుతున్న నేనే మా ఇంట్లో బోల్తాపడ్డాను. మా అమ్మాయి డీఎస్సీకి చదువుతూ ఒక యాప్‌లో 2,499 రూపాయలకు ఏడాది ప్లాన్ తీసుకుంది. నాలుగు నెలలు బాగానే నడిచింది. ఫోన్ కిందపడి డిస్‌ప్లే పోయింది, బాగుచేయడంకన్నా కొత్తది కొనడమే నయమనిపించి కొన్నాను. కొత్త ఫోన్‌లో అదే మొబైల్ నంబరుతో లాగిన్ అయితే ‘మీకు ఏ ప్లానూ లేదు’ అని వచ్చింది. కంపెనీకి మెయిల్ పెడితే, మా అసౌకర్యానికి చింతిస్తున్నామంటూ ఇంగ్లిష్‌లో ఒక జవాబు వచ్చింది. రెండో మెయిల్‌కు అక్షరం తేడా లేకుండా అదే జవాబు. మూడోసారి స్క్రీన్‌షాట్ పంపమన్నారు, అది మొదటి మెయిల్‌లోనే పంపి ఉన్నాను. ఇలా తొమ్మిది రోజులు గడిచాయి, పరీక్ష దగ్గరపడుతోంది, మళ్లీ 2,499 కట్టేద్దామని అమ్మాయి, వద్దని నేను, ఇంట్లో మాటలు తగ్గిపోయాయి.

తొమ్మిదో రోజు రాత్రి అసలు రశీదు ఏ మెయిల్‌కు వచ్చిందో చూద్దామనిపించింది. అది మా అమ్మాయి జీమెయిల్‌లో లేదు, నా భార్య జీమెయిల్‌లో ఉంది! పాత ఫోన్ మొదట ఆమెది, ప్లే స్టోర్ ఆమె ఖాతాతోనే నడుస్తుండేది, అమ్మాయి జీమెయిల్ ఆ తర్వాత చేర్చాం. కొనుగోలు ఆమె పేరు మీద పడింది. ఆ యాప్ మా అమ్మాయి ఫోన్ నంబర్‌ను కాక జీమెయిల్‌ను చూసి తాళం తీస్తోంది, కొత్త ఫోన్‌లోనేమో ఆ జీమెయిల్ లేనే లేదు. వెంటనే కొత్త ఫోన్‌లో నా భార్య ఖాతా చేర్చి, యాప్‌ను తీసేసి, ప్లే స్టోర్‌లో గుండ్రటి బొమ్మ నొక్కి ఆమె ఖాతాకు మారి, అక్కడి నుంచి యాప్‌ను మళ్లీ దించాను. ఎందుకంటే ఒక ఫోన్‌లో రెండు మూడు జీమెయిళ్లు ఉన్నప్పుడు, యాప్‌ను ఏ ఖాతాతో దించామో ఆ ఖాతా కొనుగోళ్లనే అది చూస్తుంది. తెరిచి, సెట్టింగుల్లో అట్టడుగున ఉన్న ‘రిస్టోర్’ నొక్కగానే పాఠాలన్నీ వరుసగా వచ్చేశాయి. రెండు నిమిషాల పని. ‘ఏ జీమెయిల్‌తో కొన్నారు?’ అని ఆ కంపెనీ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే మొదటి రోజే తేలిపోయేది. నా ఫిర్యాదల్లా వాళ్లు ఆ ప్రశ్న అడగలేదనే. వాళ్లను దొంగలని మాత్రం నేను అనను.

ఇళ్లలో ఒకే ఫోన్ అమ్మ చేతిలోంచి కొడుకు చేతికి, వాడి చేతిలోంచి చెల్లెలి చేతికి మారే మన దగ్గర ఈ జీమెయిల్ తికమక మామూలు విషయం. అమెరికా నుంచి సెలవులకు వచ్చిన పిల్లలు తమ పాత ఫోన్ తల్లిదండ్రులకు ఇచ్చి వెళ్తే ఇంకో చిక్కు వస్తుంది. ప్లే ఖాతా దేశం అమెరికాగానే ఉండిపోయి, ధరలు డాలర్లలో కనబడతాయి, యూపీఐ కనబడదు. ఆ దేశాన్ని మార్చుకోవచ్చు గానీ ఏడాదికి ఒక్కసారే. ఐఫోన్లలోనూ వ్యవహారం ఇంతే, జీమెయిల్‌కు బదులు యాపిల్ ఖాతా ఉంటుంది. శాశ్వతంగా కొన్నవాటిని, సబ్‌స్క్రిప్షన్లను ‘రిస్టోర్’తో తిరిగి రప్పించవచ్చు. ఆటల్లో వాడేసిన నాణేలు, వజ్రాలు మాత్రం రావు.

ఇంకొక మెలిక గురించి మీ కథనంలో ప్రస్తావన లేదు. కొన్ని యాప్‌లలో గూగుల్ ప్లేతో కడతారా, యాప్ సొంత పద్ధతిలో కడతారా అని అడిగే తెర ఇప్పుడు వస్తోంది. సొంత పద్ధతి ఎంచుకున్నవారు వాపసు కోసం గూగుల్‌ను అడిగి లాభం లేదు, అది యాప్ కంపెనీయే తేల్చాలి. డబ్బు కట్టే హడావిడిలో ఆ తెరను ఎవరూ చదవరు, నేనూ చదవలేదు.

ఒక రూపాయి ట్రయల్ అని పిన్ కొట్టించుకుని, వారం తర్వాత 299 లాగేసే యాప్‌ల విషయంలో మాత్రం మీ విలేకరి కోపంలో నాకూ వాటా ఉంది. యాప్‌ను ఫోన్‌లోంచి తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు. ప్లే స్టోర్ ద్వారా తీసుకుంటే అక్కడి సబ్‌స్క్రిప్షన్లలో, నేరుగా తీసుకుంటే యూపీఐ యాప్‌లోని ఆటోపే (గడువు రాగానే డబ్బు దానంతట అదే కట్ అయ్యే ఏర్పాటు) జాబితాలో రద్దు చేయాలి. రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం డబ్బు తీయడానికి 24 గంటల ముందు మనకు సమాచారం రావాలి, వస్తుంది కూడా, కానీ అది లోన్ ప్రకటనల మధ్య పడిపోతుంది. చేరడం తేలిక చేసి వదిలించుకోవడం కష్టం చేసే ఇలాంటి ఎత్తును ‘సబ్‌స్క్రిప్షన్ ట్రాప్’ పేరుతో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో నిషేధించిన 13 మాయోపాయాల్లో చేర్చింది.

అసలు మోసం జరిగేది మరోచోట. తాళం తెరుచుకోలేదన్న కంగారులో జనం యాప్ పేరు కొట్టి నెట్‌లో ‘కస్టమర్ కేర్ నంబర్’ వెతుకుతారు. అక్కడ దొరికే నకిలీ నంబరుకు ఫోన్ చేస్తే, వాపసు ఇస్తామని చెప్పి మన స్క్రీన్‌ను వాళ్లకు చూపించే యాప్ ఒకటి దించమంటారు, ఆపై పిన్ కొట్టమంటారు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదని మా కౌంటర్ అద్దం మీద తెలుగులో రాసి అంటించాను. అలా పోయినప్పుడు ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయవలసిందే.

యాప్ కంపెనీలకు కూడా చట్టం ఉంది. 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు డిజిటల్ సరుకులకూ వర్తిస్తాయి. ఫిర్యాదుల అధికారిని పెట్టుకోవాలి, 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. కదలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. తెలుగులో పాఠాలు అమ్ముకుంటున్న యాప్, డబ్బు ఎక్కడ ఆగిందో కూడా తెలుగులోనే చెప్పాలని, ఏ ఖాతాతో కొన్నారో తెర మీద చూపాలని కోరడం అత్యాశ అనుకోను.

మీ కథనం చివర ఇచ్చిన నంబర్ల పెట్టెలో 1930 ఒక్కటే ఉంది. వచ్చే ఆదివారం సంచికలో సవరణ వేస్తూ 1915ను కూడా చేర్చి, ఆర్డర్ నంబర్ ఎక్కడ చూసుకోవాలో రెండు వాక్యాల్లో ప్రచురించవలసిందిగా మనవి. ఆ ముక్క కత్తిరించి మా కౌంటర్ అద్దం మీదే అంటిస్తాను.

ఇట్లు,
ఒక సెల్‌ఫోన్ దుకాణదారు,
తెనాలి.